రెండంగుళాలు ఎక్కువైన కోటు

మా టైలర్ మాస్టారి చేతిలోంచి నలభై రెండేళ్లలో ఒక్క సూది కూడా తప్పిపోలేదు. గుండె మీద చెయ్యేసుకుని చెబుతున్నాను. ఆయన సూది ఏ ఒక్కరికైనా గుచ్చుకుందని రుజువు చేయండి, సగం మీసం తీయించుకుని వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడుస్తాను. ఒకసారి మిషన్ మీద సూది విరిగి ముక్క ఎటో ఎగిరిపోతే, ఆయన కొట్టు మూసేసి, అయస్కాంతం చేతపట్టుకుని మూడు రోజులు నేల మీద పాకారు. నాలుగో రోజున అది ఎదురింటి పిల్లి తోకలో దొరికింది. తన తోకలో సూది ఉందని ఆ పిల్లికే తెలియదు. అంత జాగ్రత్త మనిషి.

విరిగిన సూదికి ఆయన దగ్గర ఒక మర్యాద ఉండేది. దాన్ని గుడ్డపీలికలో గుచ్చి, పీలికను చుట్టి, పైన ఎర్రదారం మూడు చుట్లు తిప్పి ముడేసేవారు. ఆ పొట్లాన్ని పిప్పరమెంట్ల రేకుడబ్బాలో వేసేవారు. ఎర్రదారం కనబడితే ముట్టుకోకూడదని ఆయన కూతురు నడక రాకముందే నేర్చుకుంది.

కొట్టు మూసేసి ఆరేళ్లయింది. ఇప్పుడు రెండో అంతస్తులోని ఇంట్లో, వీధివైపు కిటికీ పక్కన మిషన్ వేసుకుని చిన్నాచితకా పనులు చేస్తుంటారు. ఆ రోజు పొద్దున కూడా ఎవరిదో ప్యాంటు నడుం వదులు చేస్తున్నారు. వంటింట్లో భార్య కాఫీ కలుపుతోంది. కూతురు పనికి వెళ్లబోతూ మిషన్ పక్కన నిలబడింది. చేతిలో నారింజరంగు కోటు.

"నాన్నా, ఇవాళైనా దీని చేతులు తగ్గిస్తావా? రెండంగుళాలే."

మాస్టారు కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి కోటును ఎగాదిగా చూశారు. "దీన్ని కుట్టినవాడు మనిషిని చూసి కుట్టాడా, కరెంటు స్తంభాన్ని చూసి కుట్టాడా?"

"అందరికీ ఒకటే సైజు ఇచ్చారు. అందుకేగా నిన్ను అడుగుతోంది."

"చూద్దాంలే."

"మూడేళ్ల నుంచి చూస్తూనే ఉన్నావు నాన్నా. చెయ్యి మడిస్తే ఆ మడత మీదికి గ్లవ్ ఎక్కట్లేదు. మణికట్టు దగ్గర ఖాళీ వస్తోంది."

"అమ్మాయ్, ఈ మిషన్ మీద జడ్జిగారి కోటు కుట్టాను. పెద్దాసుపత్రి డాక్టర్ల కోట్లు కుట్టాను. దీని మీద ఇప్పుడు చెత్త కోటు ఎక్కించమంటావా?"

వంటింట్లో చెంచా చప్పుడు ఆగిపోయింది. "అందరి చొక్కాలకీ బొత్తాలు కుడతారు, మీ నోటికి ఒక్కటి కుట్టుకోకూడదూ?" అంది భార్య లోపల్నుంచే.

కూతురు సంచి తెరిచింది. కోటును నాలుగు మడతలు పెట్టి సంచిలో అడుక్కి తోసింది. వీధి మలుపు తిరిగాకే దాన్ని వేసుకోవాలి. అది నాన్న పెట్టిన షరతు.

బాగా చదువుకున్న పిల్ల ఆమె. బట్టల కంపెనీలో కుదురైన ఉద్యోగం వదిలేసి, ఊరి చెత్తను వేరుచేసే షెడ్డులో చేరింది. అక్కడ పాతగుడ్డల బల్ల ఒకటి ఉంటుంది. దాని చుట్టూ ఎనిమిది మంది నిలబడి, వచ్చిన గుడ్డల్లో పనికొచ్చేవి ఒకవైపు, చిరిగినవి ఒకవైపు వేస్తారు. ఆ బల్లకు ఆమే పెద్ద. "పారేసిన గుడ్డల్లో సగం ఇంకా బతికే ఉంటాయి నాన్నా" అని చేరిన రోజున మెరిసే కళ్లతో చెప్పింది. మాస్టారు ఆ మెరుపు చూడలేదు, చెత్త అన్న మాట ఒక్కటే విన్నారు.

గుమ్మం దాకా వెళ్లి ఆమె వెనక్కి తిరిగింది. "ఇంకో సంగతి. నీ సూదుల డబ్బా నిండిపోయింది. మూత మీద టేపు వేసి, పైన 'సూదులు' అని రాసి బండివాళ్ల చేతికివ్వు. గుడ్డల సంచిలో మాత్రం వెయ్యకు."

"సూదుల గురించి నువ్వు నాకు చెబుతున్నావా?"

"సూదుల గురించి కాదు. చెత్త గురించి చెబుతున్నా."

చేతికివ్వు అని ఆమె తేలిగ్గా అనేసింది. అసలు తంటా అక్కడే ఉంది. రెండు నెలల కింద మాస్టారు తడిచెత్త బకెట్ పట్టుకుని చెత్తబండి దగ్గరికి వెళ్లారు. కింది ఇంటి బ్యాంకు మేనేజరుగారు కూడా అక్కడే ఉన్నారు. ఆ మేనేజరుగారి సిద్ధాంతమే వేరు. "వేరు చేయడమేంటండీ? పన్ను కడుతున్నాం, పారేస్తున్నాం. చెత్తనైనా కలిసిమెలిసి ఉండనివ్వండి" అంటూ ఉల్లిపొట్టు, సీసాలు, పాత చెప్పులు ఒకే కవర్లో కుక్కి ఇస్తుంటారు. అంతలో బండి డ్రైవరు మాస్టారిని చూసి నోరంతా తెరిచి, "అయ్యో, మా బల్ల పెద్దక్క వాళ్ల నాన్నగారండీ ఈయన! మీరెందుకు మోశారు సార్, నేనే పైకొచ్చి తీసుకునేవాణ్ణిగా!" అన్నాడు.

పాపం, గౌరవంగానే అన్నాడు. కానీ తన కూతురు నగరపాలక కార్యాలయంలో కంప్యూటర్ల విభాగం చూస్తుందని మాస్టారు మేనేజరుగారికి చెప్పి ఉన్నారు. మేనేజరుగారు డ్రైవరునీ మాస్టారినీ మార్చి మార్చి చూశారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు నుంచి ఆయన బండి మొహం చూడలేదు. నాలుగు రోజులకోసారి, భోజనాలయ్యి వీధంతా కునుకు తీసే వేళ, చంకలో పేపరు పెట్టుకుని, గ్రంథాలయానికి వెళ్లే పెద్దమనిషిలా బయల్దేరేవారు. ఆ పేపరు చాటున చెత్త సంచులుండేవి. వాటిని పక్క భవనం వాళ్ల డబ్బాల్లో జారవిడిచి, ఆకాశం వైపు చూస్తూ తిరిగొచ్చేవారు. ఇంట్లో ఆడవాళ్లు మాత్రం, ఆయన బండికే ఇచ్చొస్తున్నారని అనుకునేవారు.

ఇక నిండిన డబ్బా. దాని మీద సూదులు అని రాస్తే, ఇది ఎవరింటిదో వీధిలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అందుకని ఆయన డబ్బా మూత తీసి, ఎర్రదారం పొట్లాలన్నీ గుడ్డల సంచిలో దులిపి, సంచి మూతి కట్టేశారు. పొట్లం కట్టాను కదా, ఏమవుతుంది అనుకున్నారు. బండిలో సంచుల మీద సంచులు పడతాయనీ, ఇనుప పలక వాటిని అదిమి నొక్కుతుందనీ, అలా నొక్కితే గుడ్డపొట్లంలోంచి సూదిమొన బయటికొస్తుందనీ ఆయనకు తెలియదు. చెప్పాల్సిన మనిషి ఇంట్లోనే ఉంది. ఆయనే ఎప్పుడూ అడగలేదు.

రెండు రోజుల తర్వాత, వేళ కాని వేళలో కూతురు ఇంటికొచ్చింది. ఎడమచేతి మణికట్టుకు తెల్లటి కట్టు.

"అయ్యో, ఏమైందే?" తల్లి చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

"గుడ్డల సంచిలో సూది ఉందమ్మా. మొన ముక్క లోపలే ఉండిపోయింది. డాక్టరు చిన్న కోత పెట్టి తీశాడు."

"గ్లవ్స్ వేసుకోలేదా?"

"వేసుకున్నా. మణికట్టు దగ్గర ఖాళీ ఉందిగా."

మిషన్ ముందు మాస్టారి కాలు పెడల్ మీద బిగుసుకుపోయింది.

"రక్తం తీసుకున్నారు. ఎవరెవరి చెత్తలోనో తిరిగొచ్చిన సూది కదా. ఆరు రోజులకి ఫలితం వస్తుందట." ఆమె మామూలుగానే చెప్పింది. అలా మామూలుగా చెప్పడమే భయం పుట్టించింది.

తల్లికి దుఃఖంతో పాటు కోపమూ పొంగింది. "ఎవడే ఆ పాపాత్ముడు? వాడి ఇంట్లో ఆడపిల్లలు లేరా? సూది గుడ్డలో పడేసే చెయ్యి చెయ్యేనా? వాడికి సిగ్గూ శరం ఉంటే ఈపాటికి..." అంటూ మొదలుపెట్టి, సాయంత్రం దాకా ఆపలేదు. ఒక్కో తిట్టూ గురి చూసి విసిరినట్టు వెళ్లి కిటికీ పక్కన మిషన్‌కే తగులుతోంది.

సరే, మొదట్లో నేను కాసిన పందెం ఓడిపోయాను. ఒప్పుకుంటున్నాను. సగం మీసం తీసేసినట్టే రాసుకోండి. నలభై రెండేళ్లు తప్పిపోని సూది చివరికి తప్పిపోయి, ఇన్ని వేల ఇళ్లున్న ఊళ్లో దారి వెతుక్కుంటూ వెళ్లి, సొంత కూతురి మణికట్టు మీద వాలింది. అదీ ఆయన తగ్గించనన్న రెండంగుళాల దగ్గర.

ఆ సాయంత్రం ఆమె బాల్కనీలో ఒంటరిగా కూర్చుంది. మాస్టారు రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చారు. మూడోసారి గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్..."

"ఏంటి నాన్నా?"

ఆయన బాల్కనీ గోడ మీద లేని దుమ్ము దులిపారు. "కాఫీ తాగుతావా?"

ఆమె చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. "ఇంకేమైనా చెప్పాలా?"

"లేదు. అంతే."

"అయితే వద్దులే."

మర్నాడు పక్క భవనం గేటుకు ఒక కాగితం అంటించి ఉంది. ఈ భవనం నుంచి వచ్చిన గుడ్డల్లో సూదులు దొరికాయి, వేసినవారెవరో తెలిసేదాకా ఇక్కడ చెత్త తీసుకోరు అని దాని సారాంశం. షెడ్డు అధికారి సంతకం ఉంది. ప్రతి సంచికీ బండివాళ్లు భవనం పేరు చీటీ కడతారట, దాన్ని బట్టి కనిపెట్టారు. రెండో రోజుకు డబ్బాలు నిండాయి. మూడో రోజుకు వాసన మెట్లెక్కింది. నాలుగో రోజుకు అందరి చూపులూ మొదటి అంతస్తులో ఉండే బొమ్మలావిడ మీదికి తిరిగాయి. ఆవిడ ఒంటరి మనిషి. గుడ్డముక్కలతో బొమ్మలు కుట్టి దుకాణాలకు వేస్తుంది. ఆ భవనంలో సూది పట్టుకునేది ఆవిడొక్కతే. ఇంకేం కావాలి? ఇల్లుగలాయన వచ్చి, "బొమ్మలైనా మానెయ్, ఇల్లయినా ఖాళీ చెయ్" అన్నాడు. ఆ మాట మాస్టారి కిటికీ దాకా వినబడింది. ఆయన కిటికీ మూసేశారు. మూసేసి, మూసిన చేతిని చూసుకుంటూ అలాగే నిలబడిపోయారు.

సెలవు రోజు పొద్దున. కూతురు పేపరు చదువుతోంది. తలుపు చప్పుడైంది. బొమ్మలావిడ. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చేతిలో సూదులు గుచ్చుకునే చిన్న మెత్త.

"అన్నయ్యగారూ, మీ అమ్మాయితో ఒక్క మాట" అని లోపలికొచ్చి, ఆ మెత్తను కూతురి ముందు పెట్టింది. "చూడు తల్లీ. నా దగ్గరున్నవి పదకొండు. పదకొండూ ఇందులోనే ఉన్నాయి. ఒక్కటి పోయినా నాకు నిద్ర పట్టదు, పసిపిల్లలు ఆడుకునే బొమ్మలు కదా. మీ పెద్దవాళ్లకి నువ్వు చెబితే వింటారు. నేను కాదని చెప్పమ్మా. ఈ వయసులో ఇల్లు మారలేను."

తల్లి అందుకుంది. "నువ్వెందుకు ఏడుస్తావు వదినా? ఏడవాల్సింది ఆ వేసినవాడు! దొంగచాటుగా పడేసి ఎక్కడో హాయిగా కూర్చున్నాడు చూడు, వాడికి..."

కూతురు సూదుల మెత్త వైపు చూడలేదు. నాన్న వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. బస్సు కోసం చాలాసేపటి నుంచి నిలబడ్డ మనిషి రోడ్డు వైపు చూసినట్టు చూసింది.

మాస్టారు లేచారు. మెడలో వేలాడుతున్న కొలత టేపు తీసి మిషన్ మీద పెట్టారు.

"నేనే" అన్నారు.

"ఏంటి మీరే?" అంది భార్య.

"ఆ సూది నాది. ఆ సంచి నాది. పక్క భవనం డబ్బాలో వేసింది నేను. రెండు నెలలుగా మన చెత్తంతా అక్కడే వేస్తున్నాను."

భార్య నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మెల్లగా కుర్చీలో కూర్చుంది. "అంటే ఇన్నాళ్లూ నేను తిడుతున్నది..."

"నన్నే. ఏదీ వృథా పోలేదు. అన్నీ అందాయి." ఆయన బొమ్మలావిడ వైపు తిరిగి చేతులు జోడించారు. "అమ్మా, నీ ఇంటి మీదికి తెచ్చింది నేను. నిన్నెవరో తిడుతుంటే కిటికీ మూసుకున్నాను. ఆ కిటికీ నా మొహాన పడ్డట్టుంది."

బొమ్మలావిడ తన సూదుల మెత్తను చేతిలోకి తీసుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంటూ, "మీరా అన్నయ్యగారూ? ఎందుకూ?" అని మాత్రం అంది.

కూతురు లేచి లోపలికెళ్లి, తన సంచి అడుగు నుంచి ఒక చిన్న పొట్లం తెచ్చి మిషన్ మీద పెట్టింది. నలిగిపోయిన గుడ్డపీలిక. చుట్టూ ఎర్రదారం, మూడు చుట్లు, పక్కకు ముడి.

"నాకు ఆ రోజే తెలుసు నాన్నా. చేతికి గుచ్చుకోగానే చూశా. ఈ ముడి ఊళ్లో ఇంకెవరు వేస్తారు? ఎవరూ చూడకముందే జేబులో పెట్టేసుకున్నా."

"మరి... చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావేమోనని చూశా. కాఫీ తాగుతావా అన్నావు."

మాస్టారు తల వంచుకున్నారు.

"మూడేళ్లుగా నేనేం పని చేస్తానో నువ్వు వీధిలో చెప్పలేదు. ఈ ఐదు రోజులు నువ్వేం చేశావో నేను షెడ్డులో చెప్పలేదు. నీకు నేను సిగ్గుచేటు. నాకు నువ్వు. సరిసమానం అయిపోయాం అనుకున్నా. కానీ మధ్యలో ఈవిడ నలిగిపోయింది." ఆమె బొమ్మలావిడ చెయ్యి పట్టుకుంది. "అత్తా, తప్పు నాదీ ఉంది. నోరు విప్పాల్సింది."

మాస్టారు చొక్కా వేసుకుని, "షెడ్డుకి సెలవు లేదుగా ఇవాళ?" అన్నారు.

"నాకు సెలవు. షెడ్డుకి లేదు."

"పద."

ఆయన ఆ షెడ్డును చూడటం అదే మొదటిసారి. నలభై రెండేళ్లు గుడ్డతో బతికిన మనిషి, గుడ్డ చివరికి ఎక్కడికి వెళ్తుందో ఆ రోజు చూశారు. పొడవాటి బల్ల. దాని మీద కొండలా చొక్కాలు, దుప్పట్లు, పిల్లల గౌన్లు. ఏడుగురు ఆడవాళ్లు మాట్లాడుతూ, నవ్వుతూ, కళ్లతో కాక వేళ్లతో వెతుకుతున్నారు. ఒకామె చొక్కా ఒకటి పైకెత్తి, లోపలి కుట్టును బొటనవేలితో నిమిరి పనికొచ్చే వైపు వేసింది. గుడ్డను అలా నిమిరేది తనొక్కడే అనుకునేవారు మాస్టారు. అందరికీ కోటు చేతులు పొడవే. అందరూ మడిచే ఉన్నారు. అందరి మణికట్ల దగ్గరా అదే ఖాళీ.

ఆయన బల్ల చివర నిలబడి జరిగింది చెప్పారు. దాచకుండా, పక్క భవనం సంగతీ, బొమ్మలావిడ సంగతీ, కంప్యూటర్ల విభాగం అబద్ధం సంగతీ. అధికారి గంభీరంగా విని, జరిమానా ఉంటుందని చెప్పి, పక్క భవనానికి బండి పంపమని డ్రైవరుకు ఫోన్ చేశాడు.

బల్ల దగ్గరున్న వాళ్లలో పెద్దామె ఒకతె గ్లవ్ తీసి తన వేళ్లు చూపించింది. "ఇది సీసా పెంకు సార్. ఇది గడ్డం బ్లేడు. ఇది ఏంటో నాకూ తెలీదు. వీళ్లలో ఒక్కరు కూడా ఇక్కడికొచ్చి నేనే అని చెప్పలేదు. మీరు మొదటివారు." ఆమె మెచ్చుకుందో, దెప్పిందో ఆయనకు అర్థం కాలేదు. రెండూ అనే నా అనుమానం.

మాస్టారు జేబులోంచి కొలత టేపు తీశారు. పొద్దున మిషన్ మీద పెట్టింది మళ్లీ ఎప్పుడు జేబులోకి వచ్చిందో ఆయనకే తెలియదు. "చెయ్యి చాపమ్మా" అన్నారు ఆ పెద్దామెతో.

కోట్లన్నీ ఇంటికి తెచ్చాక ఆ రోజంతా మిషన్ ఆగలేదు. ఎనిమిది కోట్లు, పదహారు చేతులు. చివర గ్లవ్ లోపలికి దూరేలా బిగుతైన పట్టీ కూడా కుట్టారు. భార్య దారాలు కత్తిరిస్తూ పక్కనే కూర్చుంది. "ఇదేదో మూడేళ్ల కింద చేసి ఉంటే" అని మొదలుపెట్టి, ఆయన మొహం చూసి, సగంలో మింగేసింది. ఆమె తిట్టు మింగడం నేను విన్నంతలో అదొక్కసారే.

మర్నాడు పొద్దున బండి గంట వినబడగానే మాస్టారు మూడు సంచులూ, టేపు వేసి సూదులు అని రాసిన రేకుడబ్బా పట్టుకుని కిందికి దిగారు. మేనేజరుగారు అక్కడే ఉన్నారు, అన్నీ కలిసిన తన కవర్‌తో. మాస్టారి వెనకే కూతురు దిగింది. నారింజరంగు కోటు వేసుకునే దిగింది. చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి.

"ఏంటి మాస్టారూ, అమ్మాయి ఈ వేషంలో..." అన్నారు మేనేజరుగారు.

"వేషం కాదండీ, ఉద్యోగం. మా అమ్మాయి చెత్త వేరుచేసే షెడ్డులో బల్ల పెద్ద. కంప్యూటర్లని నేను చెప్పింది అబద్ధం." చెప్పేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆగలేదు. "ఆ కవర్లో సీసా పెంకులేమైనా ఉన్నాయా? ఉంటే నాకివ్వండి, విడిగా చుట్టిస్తాను. అవి మా అమ్మాయి చేతిలోకే వెళ్తాయి."

మేనేజరుగారు కాసేపు తటపటాయించి, కవర్ వెనక్కి తీసుకుని మెట్లెక్కారు. కూతురు నాన్నను చూసి నవ్వింది.

రక్తపరీక్షలో ఏ దోషమూ లేదని ఆ సాయంత్రం కబురొచ్చింది. ఆ రాత్రి మాస్టారు బాల్కనీలో ఒంటరిగా కూర్చుని ఏడ్చారు. భార్య చూసింది కానీ, ఎందుకని అడగలేదు.

ఇంత దూరం వచ్చాక ఒకటి ఒప్పుకోవాలి. పిల్లి తోక సంగతి ముమ్మాటికీ నిజం, ఎవరైనా కాదంటే ఆ పిల్లినే అడగమనండి. కానీ బండి దగ్గర కూతురు నవ్వింది అన్నాను చూశారూ, అది నేను కల్పించింది. కథ చెప్పేవాడికి ఆ మాత్రం ఆశ ఉండదా? ఆ రోజు ఆమె నవ్వలేదు. ఆ నవ్వుకి ఇంకా నెల పట్టింది. ఆ పొద్దున మాత్రం ఆమె గ్లవ్ తొడుక్కుని, పట్టీ సర్దుకుని, మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుని, "సరిపోయింది నాన్నా" అంది. అని, కోటు విప్పకుండా, మలుపు దాకా ఆగకుండా, మా వీధి నడిమధ్యగా నడిచి వెళ్లింది.